చూసీ చూడనట్టు

డచ్చి భాషలో ఖెడోఖెన్ అని ఒక మాట ఉంది. నిఘంటువులో 'సహించడం' అని ఉంటుంది గానీ ఆ అర్థం చాలదు. చట్టం వద్దంటుంది, ప్రభుత్వం మాత్రం పట్టుకోదు. పట్టుకోనని కాగితం మీద రాసి మరీ ఇస్తుంది. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది 'చూసీ చూడనట్టు వదిలేయడం'. కాకపోతే మన దగ్గర అది కానిస్టేబుల్ మొహమాటం మీదో, అతని చేతిలో పెట్టేదాని మీదో నడుస్తుంది. అక్కడ అదొక విధానం.

అందరికీ తెలిసిన ఉదాహరణ కాఫీషాపులు. 1976లో ఓపియం చట్టాన్ని సవరించి గంజాయిని మిగతా మత్తుమందుల నుంచి వేరు చేశారు. ఇప్పుడున్న నియమాల ప్రకారం కాఫీషాపువాడు మనిషికి 5 గ్రాముల దాకా అమ్మితే ఎవరూ ఏమీ అనరు. మరి వాడు సరుకు ఎక్కడ కొనాలి? కొనడం నేరం. అంటే ముందు గుమ్మంలో అమ్మకాన్ని సహిస్తారు, వెనక గుమ్మంలోంచి సరుకు దింపుకుంటే నేరం. ఈ మధ్య కొన్ని ఊళ్ళలో లైసెన్సున్న సాగుదార్ల దగ్గర కొనే ప్రయోగం మొదలుపెట్టారు గానీ, దాదాపు యాభై ఏళ్ళు ఆ దుకాణాలు ఈ రెండు గుమ్మాల మధ్యే నడిచాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగు రాత్రులు తిరిగాను. పర్యాటకులు 'స్వేచ్ఛ' అని ఫొటోలు తీసుకునేది నిజానికి ఈ లెక్కనే అనిపించింది. అరవైల నాటి హిప్పీలు తెచ్చిందీ కాదు, వాళ్ళకంటే కొన్ని వందల ఏళ్ళు పాతది. ఎవరు చూస్తున్నారు, ఎవరిని చూస్తున్నారు, చూడనట్టు ఉన్నందుకు డబ్బు ఎవరికి ముడుతోంది? ఆ ఊరి రాత్రుల చరిత్రని ఈ మూడు ప్రశ్నలతో చదవొచ్చు.

చూడాలంటే ముందు వెలుతురు కావాలి. రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' చూడ్డానికి రైక్స్ మ్యూజియంకి అందరూ వెళ్తారు. తమాషా ఏంటంటే అందులో రాత్రి లేదు. అది పట్టపగలు బయల్దేరుతున్న నగర సైనిక దళం. పైన పూసిన వార్నిష్ నల్లబడి, తర్వాతి శతాబ్దంలో ఎవరో దానికి రాత్రి పేరు పెట్టారు. ఆ కాలంలో అసలైన రాత్రి కాపలాదార్లకి అంత వైభవం ఎక్కడిది? జీతానికి పనిచేసే మనుషులు, చేతిలో ఒక చెక్క గిలక. గిరగిరా తిప్పి చప్పుడు చేస్తూ, టైమెంతైందో అరుస్తూ వీధులు తిరిగేవాళ్ళు. బయటికెళ్ళాలంటే ఎవరి లాంతరు వాళ్ళు పట్టుకెళ్ళాలి. లాంతరు లేనివాడు దొంగ కింద లెక్క. అడుగుకో కాలువ ఉన్న ఊళ్ళో, చీకట్లో కాలు జారి నీళ్ళలో పడి చచ్చిపోయేవాళ్ళు తక్కువేం కాదు.

దీన్ని మార్చినవాడు కూడా చిత్రకారుడే. యాన్ వాన్ డెర్ హేడెన్ ఇటుకల గోడల్ని ఒక్కో ఇటుకా లెక్కపెట్టినట్టు వేసేవాడు. మసి పట్టకుండా గాలి ఆడే లాంతరు ఒకటి తయారుచేసి, ఊరంతటికీ పథకం రాసిచ్చాడు. 1669లో నగర పాలకులు ఒప్పుకున్నారు. కొద్ది కాలంలోనే రెండు వేల పైచిలుకు నూనె దీపాలు వీధుల్లోకీ వంతెనల మీదికీ వచ్చాయి. ఏ నెలలో ఎన్నింటికి వెలిగించాలో, ఎన్నింటికి ఆర్పాలో కూడా పట్టిక వేసి పెట్టాడు. (ఇదే మనిషి తన తమ్ముడితో కలిసి మంటలార్పే తోలు గొట్టాన్ని కూడా కనిపెట్టాడు. నగరాన్ని బొమ్మలు వేయడంతో ఊరుకోనివాడు.) బెర్లిన్, లైప్జిగ్ వాళ్ళు వచ్చి చూసి నేర్చుకెళ్ళారు. దీపాలు పెట్టింది ప్రాణాలు కాపాడటానికీ, దొంగల్ని పట్టుకోవడానికీ. కానీ వీధిలో దీపం వచ్చాక పొద్దుపోయాక బయటికి పోవడం మామూలు సంగతైంది. నైట్‌లైఫ్ అనే మాట పుట్టకముందే దాని కరెంటు బిల్లు మునిసిపాలిటీ కట్టడం మొదలుపెట్టిందన్నమాట.

ఆ వెలుతురులో మనుషులు ఎటు పోయారు? చాలామంది జేడైక్ వైపు. సెంట్రల్ స్టేషన్ దిగి ఐదు నిమిషాలు నడిస్తే వచ్చే వంకర వీధి అది. ఒకప్పుడు సముద్రపు నీళ్ళని ఆపిన కట్ట. మొదటి నంబరు ఇంటికి చెక్క ముఖం ఉంది. చెక్క ముఖభాగం మిగిలిన ఇళ్ళు ఆ ఊళ్ళో ఇప్పుడు రెండే రెండు, అందులో ఇదొకటి. పేరు ఇన్ ట్ ఆప్యెన్, కోతి ఇల్లు అనుకోవచ్చు. డబ్బుల్లేని నావికులు తూర్పుదేశాల నుంచి తెచ్చిన కోతుల్ని ఇక్కడ బస కింద జమకట్టేవాళ్ళనీ, ఆ కోతులున్న గదుల్లో పడుకున్నవాడు పొద్దున్న గోక్కుంటూ లేచేవాడనీ కథ. 'కోతింట్లో బస చేశాడు' అంటే డచ్చిలో ఇరుక్కుపోయాడని అర్థం. కథ నిజమో కాదో గానీ, ఇరుక్కుపోవడం మాత్రం నిజం.

ఈస్టిండియా కంపెనీ అంటే మనకి ఇంగ్లీషువాళ్ళదే గుర్తొస్తుంది. డచ్చివాళ్ళది 1602లో పుట్టింది. దాని ఓడల్లో రెండు శతాబ్దాల్లో ఆసియాకి బయల్దేరినవాళ్ళు దాదాపు పది లక్షలు. తిరిగొచ్చింది మూడో వంతు. ఇంత మందిని పోగెయ్యడానికి ఒక వ్యాపారమే నడిచింది. జర్మనీ పల్లెల నుంచో నార్వే నుంచో పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాణ్ణి రేవు దగ్గరే ఒకడు పలకరిస్తాడు. ఇంట్లో పెట్టుకుంటాడు, తిండి పెడతాడు, తాగిస్తాడు, పెట్టె కొనిస్తాడు, బట్టలు కుట్టిస్తాడు. అంతా అప్పే. కంపెనీ ఓడలకి మనుషుల్ని తీసుకునే రోజున వాణ్ణి తీసుకెళ్ళి చేర్పిస్తాడు. కుర్రాడు 150 గిల్డర్ల పత్రం మీద సంతకం పెడతాడు. మామూలు నావికుడి జీతం నెలకి పది గిల్డర్లు అటూ ఇటూ. అంటే ఏడాదికి పైగా చాకిరీ ముందే ఖర్చయిపోయింది. మనిషి దారిలో చస్తే, అప్పటిదాకా సంపాదించినంతే పత్రం మీద వస్తుంది. అందుకని బస ఇచ్చినవాడు అన్నాళ్ళు ఆగలేక ఆ పత్రాన్ని సగం ధరకో ఇంకా తక్కువకో ఇంకొకడికి అమ్మేస్తాడు. ఇలా అమ్మే బసగాళ్ళకి జనం పెట్టిన పేరు ఆత్మల్ని అమ్మేవాళ్ళు. కుర్రాడు ఓడెక్కకముందే వాడి చావుకి ధర కట్టి, తగ్గింపు ఇచ్చేశారు.

18వ శతాబ్దపు ఓడల జీతాల పుస్తకాలు మిగిలాయి. ఆరు లక్షలకు పైగా నమోదుల్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరు, ఊరు, ఓడ, అప్పుపత్రం ఉందా లేదా, కొలువు ఎలా ముగిసింది. హోటల్ గదిలో ఒక రాత్రి దాంతోనే గడిచిపోయింది, బయటికి పోకుండా. చివరి గడిలో 'చనిపోయాడు' అన్న మాట అంతసేపు చదివాక, మర్నాడు జేడైక్‌లో బీరు గ్లాసులతో నవ్వుకుంటున్న కుర్రాళ్ళని చూడ్డం మామూలుగా లేదు.

ఈ ఓడలు మనకి బొత్తిగా పరాయివి కావు. బందరులో వలందపాలెం ఉంది. వలందా అంటే హాలండే. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో 1606 నాటికి కొట్టు పెట్టారు. తర్వాత నరసాపురం, పాలకొల్లు, భీమునిపట్నం. తెలుగు నేతగాళ్ళ బట్ట పట్టుకెళ్ళి, తూర్పు దీవుల్లో ఇచ్చి, జాజికాయా లవంగమూ కొని, అవి ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మేవాళ్ళు. కోరమాండల్ తీరంలో కరువొచ్చిన ఏళ్ళలో బట్టతో పాటు మనుషుల్ని కూడా కొని బటావియాకి పంపారు. భీమిలిలో, బందరులో డచ్చి సమాధులు ఇంకా ఉన్నాయి. చక్కటి రాళ్ళు, వంశచిహ్నాలు చెక్కినవి, పెద్ద వర్తకులవీ వాళ్ళ ఇంటివాళ్ళవీ. నా లెక్కలో ఆ సమాధుల రెండో కొస జేడైక్‌లో ఉంది.

బతికి తిరిగొచ్చినవాడికి ఏళ్ళ తరబడి పేరుకున్న జీతం ఒక్కసారిగా చేతికొచ్చేది. వాళ్ళకీ ఒక పేరుంది, 'ఆరువారాల దొరలు'. గుర్రబ్బండి మాట్లాడుకుని, వాయిద్యగాళ్ళని వెంటేసుకుని ఊరేగేవాళ్ళు. ఆరువారాల్లో అంతా ఊడ్చుకుపోయేది. తర్వాత మళ్ళీ అదే బసగాడు, అదే పత్రం.

ఆ డబ్బు ఊడ్చుకుపోయిన చోట్లలో మ్యూజికోలు ముఖ్యమైనవి. ఒక గది, వయొలిన్ వాయించే ఇద్దరు ముగ్గురు, నాసిరకం మద్యం, నావికులు, వాళ్ళతో నాట్యం చేసి పైకి తీసుకెళ్ళే ఆడవాళ్ళు. లొటె వాన్ డె పోల్ అనే చరిత్రకారిణి అప్పటి కోర్టు కాగితాలు తిరగేసి ఈ ప్రపంచం మీద పెద్ద పుస్తకం రాసింది. అందులో నన్ను పట్టుకున్న విషయం బట్టల సంగతి. ఈ పనికి పట్టులాంటి మంచి గౌను కావాలి. కొత్తగా వచ్చిన పిల్లకి అది ఇంటి యజమానురాలు అప్పుగా ఇస్తుంది. అప్పు తీరేదాకా పిల్ల ఆ ఇంటిదే. ఇంకో ఇంటికి మారాలంటే, ఆ ఇంటావిడ అప్పు తీర్చి తీసుకోవాలి. అంటే అప్పుతో పాటు మనిషీ చేతులు మారుతుంది. మ్యూజికోలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని గిరగిరా తిరుగుతున్న జంటని ఊహించుకోండి. ఇద్దరూ తాకట్టులో ఉన్నవాళ్ళే.

ఇదంతా చట్టానికి విరుద్ధం. 1578లో ఊరు ప్రొటెస్టెంట్ల చేతికొచ్చాక పడుపు వృత్తి నేరమైంది. అంతకుముందు, మధ్యయుగాల్లో, వ్యవహారం ఇంకా సూటిగా ఉండేది. ఈ ఇళ్ళు రెండే సందుల్లో ఉండాలి, నడిపేది నగర న్యాయాధికారి మనుషులే. అందులో ఒకటి పైల్‌స్టేఖ్. ఇప్పుడా సందులో 1679 నాటి వైనాండ్ ఫాకింక్ అనే సారా రుచి చూపించే కొట్టు ఉంది. యెనేవర్‌ని చిన్న గ్లాసు అంచు దాటి ఉబ్బేదాకా పోస్తారు. చెయ్యి తగిలితే ఒలుకుతుంది కాబట్టి చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, మొదటి గుక్క బల్ల మీదే జుర్రుకోవాలి. ఎంతటివాడైనా అక్కడ నడుం వంచాల్సిందే. నేనూ వంచాను. బాగుంది, కాస్త ఘాటు.

1578 తర్వాత న్యాయాధికారి ఆదాయం ఆగిందా? దారి మార్చుకుంది. వ్యభిచారం నేరం కాబట్టి, పెళ్ళైన మగాడు అలాంటి ఇంట్లో దొరికితే కేసు. కేసు వద్దనుకుంటే రాజీ సొమ్ము. ఎవరు ఎప్పుడు వస్తారో చెప్పేది ఆ ఇంటి యజమానురాలే. ప్రతిఫలంగా ఆమె ఇంటి జోలికి రారు. రోటర్‌డామ్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ మాండెవిల్, తన 'తేనెటీగల కథ' పుస్తకంలో ఈ మ్యూజికోల గురించి నిర్మొహమాటంగా రాశాడు. పెద్ద రేవు పట్నం నడవాలంటే పాలకులు కళ్ళు మూసుకోక తప్పదంటాడు. నాకైతే వాళ్ళు కళ్ళు మూసుకున్నట్టు అనిపించలేదు. ఒక కన్ను లెక్కల పుస్తకం మీదే ఉంది.

పట్టుబడ్డ ఆడవాళ్ళు ఎక్కడికి పోయేవాళ్ళు? 1597లో పెట్టిన స్పిన్‌హౌస్‌కి. పేరులోనే ఉంది, నూలు వడికే ఇల్లు. వడకడం, కుట్టడం, బైబిల్ వినడం, అలా బాగుపడటం. గుమ్మం మీద చెక్కిన పద్యం కవి హోఫ్ట్‌ది. నాకు ఊపిరాడనిది వేరే సంగతి. టికెట్టు కొనుక్కుని లోపలికెళ్ళి, కటకటాల వెనక పని చేసుకుంటున్న ఆ ఆడవాళ్ళని చూడొచ్చు. విదేశీ యాత్రికులు వరసగా వెళ్ళి చూసి, డైరీల్లో రాసుకున్నారు. కొందరు పగలు స్పిన్‌హౌస్, రాత్రి మ్యూజికో. ఎర్ర దీపాల వీధుల టూరుకి అంతకంటే పాత వంశవృక్షం నాకు దొరకలేదు.

మా బాబాయి కొడుకు ఉట్రెక్ట్‌లో ఉంటాడు. శనివారం రాత్రి నాతో తిరగడానికి వచ్చాడు. డె వాలెన్ వైపు మలుపు తిరుగుతుంటే ఆగిపోయాడు.

"అక్కా, అటెందుకు? బోటెక్కుదాం రా, లైట్లు బాగుంటాయి."

"నువ్వెప్పుడూ వెళ్ళలేదా?"

"ఇండియా నుంచి ఫ్రెండ్స్ వస్తే తీసుకెళ్తా. వాళ్ళు వేరు."

వాళ్ళు ఎందుకు వేరో ఇద్దరికీ తెలుసు. చివరికి వాడు వంతెన దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు, నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఔడె కెర్క్ అనే పాత చర్చి నడిబొడ్డున ఉంటుంది. 1306లో ప్రతిష్ఠించిన చర్చి అది. రెంబ్రాంట్ భార్య సాస్కియా సమాధి అందులోనే. చర్చి చుట్టూ కిటికీలు. జనం తోసుకుంటున్నారు. ఆగి చూడలేం, చూడకుండా నడవలేం. ఒకామె నన్ను చూసి ఫోన్ పక్కన పెట్టి, నవ్వకుండా, చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మర్యాదకి ఊపిందో, పొమ్మందో తెలీలేదు.

ఆ కిటికీ ఎలా వచ్చిందన్న చరిత్ర అక్కడి బోర్డుల మీద నాకు కనిపించలేదు. 1911లో నీతి చట్టం ఒకటి వచ్చింది. పడుపు వృత్తి నేరం కాదు గానీ, ఆ ఇల్లు నడపడం నేరం. వీధిలో నిలబడి పిలవడానికీ వీల్లేదు, గుమ్మంలో నిలబడటానికీ వీల్లేదు. ఇక మిగిలింది? తన గదిలో తను, తెర కొంచెం తీసి కూర్చోవడం. ఇవాళ స్వేచ్ఛకి పోస్టర్‌గా వాడే ఆ గాజు పలక నిషేధం సందుల్లోంచి పుట్టింది. ఇళ్ళ మీద నిషేధం ఎత్తేసింది 2000 అక్టోబర్ 1న.

అదే 1911 చట్టం ఇంకో పని చేసింది. మామూలుగా సమ్మతి వయసు 16 అయితే, స్వలింగ సంబంధాలకి 21 చేసింది. పోలీసులకి జాబితాలు రాసుకునే సాకు దొరికింది. 1971 దాకా అది ఉంది. ఆ కాలంలోనే, 1927లో, బెట్ ఫాన్ బేరెన్ అనే ఆవిడ జేడైక్ 63వ నంబరులో కఫే ట్ మాండ్యె తెరిచింది. 'చిన్న బుట్ట' అని అర్థం. తోలు జాకెట్టు వేసుకుని మోటార్‌సైకిల్ మీద తిరిగేది. తను ఆడవాళ్ళని ప్రేమిస్తానని ఎవరి దగ్గరా దాచలేదు. నావికులు, వేశ్యలు, స్వలింగ ప్రేమికులు, కళాకారులు, అందరూ ఒకే బల్ల దగ్గర. కాస్త ఠీవిగా టై కట్టుకొచ్చినవాడి టై కత్తిరించి పైకప్పుకి వేలాడదీసేది. బార్ వెనక ఒక గుడ్లగూబ దీపం. పోలీసో, అనుమానం కలిగించే కొత్తమొహమో లోపలికొస్తే ఆ గుడ్లగూబ వెలిగేది. వెంటనే చేతులు విడిపోయేవి, కుర్చీలు దూరం జరిగేవి. లైసెన్సు పోతుందని ముద్దులు ఆమే ఒప్పుకునేది కాదు. నాట్యం ఏడాదికి ఒక్కరోజు, రాణి పుట్టినరోజున, బిలియర్డ్స్ బల్ల పక్కకి జరిపి. 1967లో ఆవిడ పోయినప్పుడు శవాన్ని ఆ బల్ల మీదే పెట్టారు, ఊరొచ్చి చూసి పోయింది. చెల్లెలు కొన్నాళ్ళు నడిపి మూసేసింది. 2008లో మళ్ళీ తెరిచారు. నేను వెళ్ళినప్పుడు పైకప్పు నిండా టైలు, బల్లల మీద పెద్దవయసు ఆడవాళ్ళు గొంతెత్తి పాడుతున్నారు. నా నాలుగు రాత్రుల్లో నిజంగా సంతోషంగా ఉన్నది అక్కడే. మిగతావాళ్ళందరూ చూసేవాళ్ళ వైపు నుంచి చూసీ చూడనట్టు ఉంటే, బెట్ అదే పద్ధతిని చూడబడేవాళ్ళ వైపు నుంచి నడిపింది.

'చూడనట్టు' అన్న మాటకి ఆ ఊళ్ళో ఇంకో బరువు కూడా ఉంది. ప్లాంటాజె అనే పేటలో హాలండ్ష్ షౌబుర్ఖ్ ఒక నాటకశాల. సాయంత్రాలు ఊరు నవ్వడానికి వెళ్ళిన చోటు. 1942 జులై నుంచి నాజీలు దాన్ని యూదుల్ని పోగేసి రైలెక్కించే స్థలంగా మార్చారు. పిల్లల్ని మాత్రం ఎదురుగా ఉన్న శిశు సంరక్షణాలయంలో ఉంచేవాళ్ళు. రెండింటి మధ్యా ట్రామ్ నడిచేది. ట్రామ్ వచ్చి ఆగి కాపలాదార్ల చూపుకి అడ్డం పడ్డ ఆ కాసేపట్లో, పిల్లల్ని ఎత్తుకుని జారుకున్నవాళ్ళున్నారు. అలా రకరకాల దారుల్లో సుమారు 600 మంది పిల్లలు బయటపడ్డారు. ట్రామ్ ఇప్పటికీ ఆ దారినే పోతుంది. అదెక్కి పార్టీకి పోతున్న కుర్రాళ్ళ మధ్య నేనూ ఒకసారి వెళ్ళాను.

యుద్ధం తర్వాతి కథ నలుగురికీ తెలిసిందే, త్వరగా దాటేస్తాను. 1968లో ఒక పాత ప్రార్థనా మందిరం ప్యారడైజో అనే సంగీత వేదికైంది, 1970లో ఒక పాల ఫ్యాక్టరీ మెల్క్‌వేఖ్ అయింది. ఎనభైల్లో జేడైక్ హెరాయిన్ వీధి. ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ 1988 మే 13న ఆ వీధి మొదట్లో ఉన్న హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు, గోడకి ఫలకం ఉంది. తర్వాత నగరం ఇళ్ళు కొని, బాగుచేసి, వీధిని నిలబెట్టింది. రాత్రికి వేరే మేయర్ ఉండాలన్న ఆలోచన కూడా ఇక్కడి నుంచే లండన్, న్యూయార్క్ దాకా పాకింది.

ఇప్పుడు ఊరు విసిగిపోయింది. కిటికీల ముందు గైడెడ్ టూర్లు 2020 వసంతంలో నిషేధించారు. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చి టూరిస్టులే లేకుండా పోయారు, నిషేధించడానికి ఎవరూ మిగల్లేదు. 2023లో బ్రిటిష్ కుర్రాళ్ళని ఉద్దేశించి 'రాకండి' అని ప్రకటనలిచ్చారు. ఆ పేట వీధుల్లో గంజాయి తాగడం ఆపేశారు, కిటికీలు మూసే వేళ ముందుకి జరిపారు. మేయర్ ఫెమ్కె హాల్సెమా ఆలోచన ఏంటంటే, కిటికీల్లో చాలా భాగాన్ని ఊరికి దక్షిణాన కొత్తగా కట్టే ఒక భవనంలోకి మార్చడం. అక్కడివాళ్ళు మాకొద్దన్నారు.

ఆ ఆడవాళ్ళు కూడా వద్దన్నారు. 2023 మార్చిలో ఊరేగింపు తీశారు. తాగి అల్లరి చేసేది గుంపులైతే, వాళ్ళని అదుపు చెయ్యకుండా మమ్మల్ని ఖాళీ చేయిస్తారేంటి అన్నారు. పైగా నలుగురు తిరిగే వీధిలోనే మాకు భద్రత అన్నారు. కిటికీలో ప్రతి రాత్రీ వందలమంది చూసే ఆ మొహాలకి, ఆ రోజు చాలామంది మాస్కులు కట్టుకుని వచ్చారు.